నెట్ పిలిచిన సోమవారం

దేవేందర్ ఆ సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టింది జ్వరమొచ్చి కాదు, ఫోను లైనును కంప్యూటర్‌కు కలిపి నెట్ తెచ్చే మోడెం పెట్టె కోసం. మచ్చ బొల్లారంలో ఆ వీధి మొత్తానికి మొదటి కంప్యూటర్ ఆయనదే. 1999లో అదేమీ చిన్న విషయం కాదు. కొని మూడు నెలలైనా నెట్ మాత్రం కలిసిన నాలుగు నిమిషాలకే తెగిపోయేది. ఇవాళ దాని సంగతేదో తేల్చేస్తానని భార్య సుచిత్రకు చెప్పి, ఉప్మా కూడా కంప్యూటర్ ముందుకే తెప్పించుకున్నాడు.

వీధిలో ఉన్న ఒకే ఒక్క ఫోను కూడా వాళ్లదే. పదకొండు ఇళ్లవాళ్లు తమ బంధువులకు ఆ నంబరే ఇచ్చి, అది పక్కింటి ఫోనని తెలిసేలా పీపీ అని రాసిచ్చేవారు. ఎవరికి ఫోనొస్తే వాళ్లను సుచిత్ర గోడ దగ్గర నిలబడి కేకేసి పిలిచేది. ఆ రోజు అంత కష్టం కూడా అక్కర్లేదన్నట్టు, ఎదురింటి రాహేలు కూతురు కెజియా ఎనిమిదిన్నరకే గంజి పెట్టిన చీర కట్టుకొచ్చి ముందుగదిలో కూర్చుంది. మేడ్చల్‌లో ఒక బడిలో ఐదో తరగతి టీచర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. సోమవారం ఫోన్ చేస్తామన్నారు. మూడింటిలోగా దొరక్కపోతే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తామని కూడా అన్నారు. రాహేలు మిషను కుట్టి చదివించిన చదువంతా ఆ ఒక్క ఫోను మీద ఆగి ఉంది.

దేవేందర్‌కు ఆఫీసులో అరుణ్ రెండు చిట్కాలు చెప్పాడు. ఫోన్ సెట్టు లైను బలమంతా తినేస్తుంది కనుక దాన్ని పీకేసి వైరు నేరుగా మోడెంకే పెట్టమన్నాడు. తర్వాత కంప్యూటర్లో ఆటో ఆన్సర్ అని ఉంటుంది, అక్కడ టిక్కు పెట్టమన్నాడు. ఎందుకో అరుణ్ చెప్పలేదు, దేవేందర్ అడగలేదు. అడిగితే తనకు తెలియదని బయటపడిపోదూ? తొమ్మిదింటికల్లా రెండూ కానిచ్చేశాడు. మరి నా ఫోనో అని కెజియా నసిగితే, ఫోనొస్తే మోడెమే చెబుతుంది, వెంటనే సెట్టు తగిలించేద్దామని భరోసా ఇచ్చాడు.

తొమ్మిదిన్నరకు మోడెం దానంతటదే దీపాలు వెలిగించి, ఇనుప గేటును రోడ్డు మీద ఈడ్చినట్టు అరిచి, అర నిమిషానికి ఊరుకుంది. దేవేందర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సూసినవా బిడ్డా, మనం కొట్టకముందే నెట్టే మనకు కొడ్తాంది."

"మంచిగైంది అంకుల్," అంది కెజియా మనస్ఫూర్తిగా.

రెండింటిలోగా అది ఇంకో ఎనిమిదిసార్లు అరిచింది. అరిచినప్పుడల్లా దేవేందర్ పెదవి మీద వేలు పెట్టేవాడు, కెజియా విసురుకుంటున్న పుస్తకం కూడా ఆపేసేది. ఏ టైముకు అరిచిందో ఆయన ఒక కాగితం మీద రాసుకుంటూ, సంబరంగా ఆమెకు చూపిస్తూ పోయాడు. పొద్దుట్నుంచి ఒక్క ఫోనన్నా రాలేదేందని సుచిత్ర రెండుసార్లు వచ్చి అడిగింది. ఒక్కరోజైనా గొంతుకు సెలవు దొరికింది, పండుకోమన్నాడు.

రెండుంపావుకు వీధిలో ఏడుపులు లేచాయి. పక్కింటి సుక్కమ్మ తమ్ముడు పర్వతాలు, అతని భార్య ఐలమ్మ కీసర నుంచి వచ్చి ఆటో దిగుతూనే ఘొల్లుమన్నారు. బట్టలు ఆరేస్తున్న సుక్కమ్మ వాళ్లను చూసి కీసరలో ఎవరో పోయారనుకుని తనూ అందుకుంది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని కాసేపు ఏడ్చాక, ఎవరూ పోలేదని తేలింది. అప్పుడు పర్వతాలు కళ్లు తుడుచుకుని నేరుగా దేవేందర్ ఇంటికొచ్చాడు.

"పొద్దుగాల్నుంచి మూడుసార్లు ఫోన్ జేసిన సారు. ఎత్తుడుతోనే ఎవలో ఒర్రుతున్నరు. మా అక్కకు ఏమైందో అని పానం ఆగక ఉరికొచ్చినం."

అతని మాట పూర్తయ్యేలోగా మోడెం మళ్లీ అరిచింది.

"గిదే సారు. గిదే ఒర్రుడు," అన్నాడు పర్వతాలు.

వచ్చిన ప్రతి ఫోనూ ఎత్తి అరుస్తున్నది మోడెమేనని అర్థమై దేవేందర్ చేతిలో కాగితం చూసుకున్నాడు. అందులో మూడు పర్వతాలువి. మిగతావి ఎవరివో అడగక్కర్లేదు. కెజియా నెమ్మదిగా లేచి నిలబడింది.

"అంటే అంకుల్, పొద్దుగాల్నుంచి నేను ఇనుకుంట కూసున్నది నా ఫోనేనా?"

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. వెంటనే స్కూటర్ తీసి ఆమెను ఎక్కించుకున్నాడు. మేడ్చల్ చేరేదాకా ప్రిన్సిపాల్‌కు ఏం చెప్పాలా అని గొణుక్కుంటూనే ఉన్నాడు. బడి దగ్గర ఆగేసరికి మూడుంపావు దాటింది.

గేటు పక్కన స్తంభానికి నిచ్చెన వేసి ఉంది. పైన లైన్‌మన్ లచ్చయ్య. కింద ప్రిన్సిపాల్ మనోరమ. కెజియాను చూడగానే ఆమె ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. మా ఫోన్ చెడిపోయి నిన్ను పిలవలేకపోయాం, ఏమీ అనుకోకమ్మా అంది. ఏడుసార్లు చేస్తే ఏడుసార్లూ కీచుమనే మోతేనట. చెడిపోయిన ఫోనుతో ఇంకొకరిని మాత్రం ఎలా పిలుస్తామని జాబితాలో తర్వాతి పేరు జోలికే పోలేదట. ఉద్యోగం ఉద్యోగంలాగే ఉంది.

దేవేందర్ ఊపిరి పీల్చుకున్నాడు. నోరు మూసుకుంటే అక్కడితో సరిపోయేది. కానీ పైనుంచి లచ్చయ్య లైను మంచిగనే ఉంది మేడం అని మొత్తుకున్నాడు. పన్నెండింటి నుంచీ ఇదే పాట, పనిదొంగవని మీ ఆఫీసరుకు రాస్తానని ఆమె విరుచుకుపడింది. కెజియా ఒక్కసారి దేవేందర్ వైపు చూసింది.

"ఆయనది తప్పు గాదు మేడం, నాది," అన్నాడు ఆయన నేల చూస్తూ. "గా ఒర్రింది మా ఇంట్ల మిషిను. ఈ పిల్ల పక్కనే కూసున్నా, గది ఫోనని నాకు సమజ్ గాలే."

వచ్చిన ఉద్యోగం తన నోటితోనే పోగొట్టానని దేవేందర్‌కు భయం పట్టుకుంది.

"పొద్దుట్నుంచి ఆ మోత పక్కనే కూర్చున్నావా అమ్మా?" అంది మనోరమ కెజియా వైపు తిరిగి.

"ఔ మేడం."

"విసుగు రాలేదా?"

"అలవాటైంది మేడం."

"అయితే నీకు ఐదో తరగతి కాదు, ఒకటో తరగతి. అరవైరెండు మంది. రేపే వచ్చెయ్."

కెజియా నవ్వూ ఏడుపూ కలిసిన ముఖంతో దండం పెట్టింది. లచ్చయ్య రెండు మెట్లు దిగి ఆగాడు.

"మరి పన్నెండు గొట్టంగ నుంచి నేను తిన్న తిట్లు ఎవలు వాపస్ తీస్కుంటరు?"

మనోరమకు లోపల ఏదో పని గుర్తొచ్చింది. విప్పిన వైర్లన్నీ మళ్లీ బిగించాలని లచ్చయ్య గొణుక్కుంటూ పైకెక్కాడు. దేవేందర్ తలెత్తకుండా వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆ బడిలో ఇద్దరికి పని దొరికింది, కాకపోతే ఒకరికే జీతం.