ఖాళీగా వెళ్తున్న బండి

ఆ శనివారం తెల్లవారుతూనే పాపారాజు తన పికప్ బండిని, కాలవలో గేదెను తోమినంత శ్రద్ధగా తోమాడు. ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి బయల్దేరాలి. జంగారెడ్డిగూడేనికి నాలుగు మైళ్ళు ఇవతల రాజరత్నం అనే ఆసామి కొత్తగా పెట్టిన పార్కుకు చేరాలి. అక్కడున్న ఎర్రమట్టి దిబ్బ ఎక్కాలి, దిగాలి. పొద్దుగూకేలోగా ఇంటికి రావాలి.

ఆ పార్కు సంగతి కొంచెం చెప్పుకోవాలి. రాజరత్నం ఇరవై ఎకరాల జీడితోట కొట్టించి, గోతులు తవ్వించి, దిబ్బలు పోయించి, వాటి మీద ట్యాంకరుతో నీళ్ళు కొట్టించి ‘ఆఫ్ రోడ్ పార్క్’ అని బోర్డు పెట్టాడు. ఉన్న రోడ్ల మీద గోతులకే జనం ఏడుస్తుంటే, గోతులకు టిక్కెట్టు పెట్టిన ఘనుడు ఆయన. అయినా మోటారు పిచ్చి ఉన్నవాళ్ళు తీర్థానికి వెళ్ళినట్టు వెళ్తున్నారు. పాపారాజు ఉండే భీమవరం చుట్టుపక్కల వాళ్ళకైతే మరీ ముచ్చట. అక్కడ ఎత్తంటే కాలవ గట్టే. ఆ గట్టెక్కి వచ్చిన ముసలాళ్ళు పైన చలిగాలి గురించి వారం రోజులు చెబుతారు.

పాపారాజు వెళ్ళేది మాత్రం ముచ్చటకు కాదు. కిందటి వారం భోజనాల దగ్గర బావమరిది శ్రీనివాసరాజు తన జీపును పొగుడుకుంటూ, బావగారి పికప్‌ను రొయ్యల మేత మోసే డొక్కు అన్నాడు. పాపారాజు తింటున్న చెయ్యి కూడా కడుక్కోకుండా మీసం మీద వేశాడు. దిబ్బ ఎక్కకపోతే బండి అమ్మేసి, ఆవిడ ఎప్పటినుంచో అడుగుతున్న కారు కొంటానని భార్య ఎదుటే మాటిచ్చాడు. ఎక్కితే ఒక రోజంతా ఆ బండికి డ్రైవరుగా ఉంటానని శ్రీనివాసరాజు ఒప్పుకున్నాడు.

భార్య లక్ష్మీనరసమ్మకు ఆ పికప్ అంటే గిట్టదు. అందులో రొయ్యల మేత వాసన ఎంత కడిగినా పోదు. పట్టుచీర కట్టుకుని పెళ్ళికి వెళ్తే, పెళ్ళివారికంటే ముందు ఆ వీధిలో పిల్లులు ఎదురొచ్చేవి. పాపారాజుకు మాత్రం అది ప్రాణం. అది అమ్మాల్సి వస్తుందేమోనన్న తలపుకే రాత్రి పెరుగన్నం సహించలేదు.

ఆరున్నరకు లక్ష్మీనరసమ్మ గోడ దగ్గర నిలబడి పక్కింటి రామలక్ష్మితో ఒక్క మాట అంది.

"మా బండి జంగారెడ్డిగూడెం దాకా ఖాళీగానే వెళ్తోందమ్మా."

అంతే. ఖాళీ బండి ఊరు దాటడం ఆ ఊళ్ళో ఎన్నడూ లేదు. అటు వెళ్ళే బండిలో ఇటు నుంచి ఏదో ఒకటి పడాల్సిందే. వద్దన్నవాడికి కళ్ళు నెత్తికెక్కాయంటారు. పైగా పాపారాజుకు మొహమాటం జాస్తి. పులి ఎదురొచ్చినా నిలబడతాడు గానీ, ఎవరైనా "కాస్త" అంటే పడిపోతాడు.

మొదట రామలక్ష్మి వచ్చి, చెల్లెలి గృహప్రవేశానికి కాస్త బియ్యం అంది. కాస్త అంటే ఆరు బస్తాలు. వాటితోపాటు రెండు దూడలు పడుకోగల ఇత్తడి వంట గుండిగ. తరవాత బడి పంతులు విజయ్ పాల్ వచ్చాడు. జంగారెడ్డిగూడెంలో కొత్తగా కట్టిన చర్చికి ఆరు టేకు బల్లలు చేయించి మూడు నెలలుగా బండి కోసం చూస్తున్నాడట. బల్లల్ని ఎక్కించి, మోకులతో తనే ముళ్ళు వేశాడు. ఆ ముళ్ళు ఎలాంటివంటే, ఒకసారి ఆయన కట్టిన ఎద్దును విప్పలేక దాని చుట్టూ పాక వేసుకున్నారట. చివరగా సంపూర్ణమ్మ వచ్చింది. పాపారాజు పొలంలో ముప్పై ఏళ్ళు నాట్లు వేసిన మనిషి. కూతురు ప్రిస్కిల్లా పురిటికని డజను కొబ్బరి మొక్కలు, ఒక గంప కోళ్ళు పట్టుకుని ఎవర్నీ అడక్కుండా బియ్యం బస్తాల మీద ఎక్కి కూర్చుంది.

బండి కదిలేసరికి తొమ్మిదిన్నర. పన్నెండు దాటితే దిబ్బ మూసేస్తారు. తాడేపల్లిగూడెం దాటాక పాపారాజు ఓరగా చూస్తే, పక్కన భార్య కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. అన్నవరం సత్యనారాయణస్వామి పేరు లీలగా వినిపించింది. ఎంత తిట్టినా ఆవిడ మనసు బంగారం అనుకుని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

పార్కు చేరేసరికి పదకొండూ ఇరవై. గేటు దగ్గర వాచ్‌మన్ గుండిగనూ, బస్తాలనూ, కోళ్ళనూ చూసి ఆలోచించాల్సిన అవసరమే లేదనుకున్నాడు.

"వంటవాళ్ళు వెనక గేటండి. ఇప్పుడా రావడం? పొయ్యిలు ఎప్పుడో వెలిగించాం."

పాపారాజు నోరు తెరిచేలోగా ఇద్దరు మనుషులు బండికి అటూ ఇటూ పరిగెడుతూ దాన్ని, వచ్చిన జనానికి భోజనాలు వండుతున్న వంటశాలకు మళ్ళించారు. అక్కడ నలుగురు కుర్రాళ్ళు మూడు బస్తాలు దింపేశారు. ఒకడు గుండిగలో నీళ్ళు పోశాడు. వంట మేస్త్రి కోడిని పట్టుకుంటే, సంపూర్ణమ్మ ఆయన్ని పట్టుకుంది. తను వంటవాణ్ణి కాదనీ, పందేనికి వచ్చిన రాజుననీ పాపారాజు ఎంత చెప్పినా, వంటవాళ్ళలో కూడా రాజులు ఉంటారుగా అన్నాడు మేస్త్రి. పాపారాజుకు కోపం ముంచుకొచ్చింది. దింపిన ప్రతి బస్తానూ దగ్గరుండి మళ్ళీ ఎక్కించి, ఇంకెవరూ దింపకుండా సగందాకా బల్లల కిందికి దూర్పించాడు. గుండిగలో నీళ్ళు పారబోయడానికి కూడా వ్యవధి లేకపోయింది.

దిబ్బ దగ్గరికి వచ్చేసరికి పన్నెండుకు పది నిమిషాలు. అప్పటికి తొమ్మిది బళ్ళు సగందాకా ఎక్కి, తడిమట్టిలో చక్రాలు గిర్రున తిరిగి, ఎక్కినంత దర్జాగా కిందికి జారాయి. పదోది శ్రీనివాసరాజు జీపు. దానికి నాలుగు చక్రాలూ లాగే గేరు వేరే ఉంది. కొన్న పదేళ్ళలో దానితో పనిపడక తువ్వాలు ఆరేసుకోవడానికి వాడాడు. ఇప్పుడు బలంగా లాగితే గేరు రాడ్డు ఊడి చేతిలోకి వచ్చింది. జీపు పక్కకు తిరిగి, జారి, గోతిలో కూలబడింది. శ్రీనివాసరాజు రాడ్డు చేత్తో పట్టుకునే పైకొచ్చాడు.

"బావగారూ, ఖాళీ జీపే ఎక్కలేదు. ఈ సంతతో మీరేం ఎక్కుతారండీ? ఒప్పేసుకోండి. కారు ఏ రంగుదో అక్కయ్యను అడుగుదాం."

"నా బండి సంగతి నేను చూసుకుంటాను. మీరు ఆ రాడ్డు ఎక్కడైనా పెట్టండి," అన్నాడు పాపారాజు.

గబగబా వెనక్కి వెళ్ళి మోకు విప్పబోయాడు. గోళ్ళు విరిగాయి గానీ ముడి కదల్లేదు, కోద్దామంటే కత్తి దగ్గర లేదు. బల్లలు దిగితే గానీ బస్తాలు దిగవు. ఇక సంపూర్ణమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వైనా అయిదు నిమిషాలు దిగవే."

"నే దిగితే కోళ్ళు దిగుతాయి. కోళ్ళు దిగితే మళ్ళీ ఎక్కవు రాజుగారూ. మీరు పోనివ్వండి, దేవుడున్నాడు."

పాపారాజు చక్రాల్ని చూశాడు, దిబ్బను చూశాడు. బండి నుదుటి మీద చెయ్యి వేసి, అమ్ముడుపోయే దూడను నిమిరినట్టు నిమిరాడు. ఓడిపోయేటట్టయితే ఎక్కుతూనే ఓడదామనుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. మొదటి గేరు వేశాడు.

బండి మూలిగింది. వెనక సంపూర్ణమ్మ కీర్తన ఎత్తుకుంది. కోళ్ళు వంతపాడాయి. సగం దిబ్బ దగ్గర ముందటి తొమ్మిది బళ్ళూ జారిన చోట చక్రం ఒక్కసారి గిర్రుమంది. ముందు అద్దంలోంచి మట్టి పోయి ఆకాశం వచ్చింది. గుండిగలో నీళ్ళు దభాలున వెనక్కి పొర్లాయి. లక్ష్మీనరసమ్మ రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకుంది.

"స్వామీ, ఇందాకటి మొక్కు కాదు, దాన్ని వదిలెయ్యి. ఎక్కించు తండ్రీ. వ్రతం చేయిస్తాను, ఇదే బండిలో వస్తాను."

వెనక చక్రాలు మట్టిలోకి దిగాయి. కరిచాయి. బియ్యం, టేకు, ఇత్తడి, కొబ్బరి, కోళ్ళు, సంపూర్ణమ్మ సహా బండి మెల్లగా, నిండు చూలాలు మేడమెట్లు ఎక్కినట్టు ఎక్కి, దిబ్బ నెత్తిన ఆగింది.

కిందనుంచి చప్పట్లు వినిపించాయి. రాజరత్నం రొప్పుకుంటూ పైకొచ్చి, ఇదేం ఇంజనండీ అని బోనెట్ వైపు నడిచాడు. సంపూర్ణమ్మకు నవ్వొచ్చింది.

"ఇంజను కాదండి. నాట్లకు పొలం దమ్ము చేసేటప్పుడు ఎడ్లు లాగే చెక్క మీద మనిషి నిలబడితేనే కదా అది బురదను పట్టుకునేది. ఖాళీ చెక్క తేలిపోద్ది. ఇదీ అంతే."

ముప్పై ఏళ్ళు తన పొలంలో తన కళ్ళముందు జరిగిన సంగతి పాపారాజుకు అప్పుడు తట్టింది. కానీ ఆయన బుర్రలో ఇంకోటి తిరుగుతోంది. భార్య వైపు తిరిగాడు.

"ఇందాకటి మొక్కేంటి?"

లక్ష్మీనరసమ్మ పమిట సర్దుకుంది. దాచడం ఆవిడకు చేతకాదు.

"బండి ఎక్కకుండా చూడమని మొక్కానండీ. దేవుడి మీదే వదిలేస్తే ఎలా అని, బరువుంటే ఎక్కదు కదాని ఊళ్ళో నేనే చెప్పాను, ఖాళీగా వెళ్తోందని."

పాపారాజు బస్తాలనూ, కోళ్ళనూ, భార్యనూ వరసగా చూశాడు. తరవాత పగలబడి నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది, కాకపోతే కాస్త ఆలస్యంగా. కిందికి దిగి, విజయ్ పాల్ మోకు కొసతోనే గోతిలోంచి జీపును బయటికి లాగారు. మోకు తెగలేదు, ముడి ఊడలేదు. చర్చివాళ్ళు కొడవలి తెచ్చి మోకు కోశాక గానీ బల్లలు దిగలేదు. బియ్యం, బల్లలు, సంపూర్ణమ్మ సాయంత్రానికి చేరాల్సిన చోటికి చేరాయి. వచ్చేటప్పుడు బండి తేలిగ్గా ఊగుతుంటే, మనసు అంతకంటే తేలిగ్గా ఉందనుకున్నాడు పాపారాజు. బండి ఇక తనదే.

ఊళ్ళోకి వచ్చాక అరుగు మీద కూర్చుని, బరువు ఉంటేనే నా బండి బండి అని నలుగురితో గొప్పగా అన్నాడు. ఆ నలుగురూ ఊరంతటికీ చెప్పారు. మర్నాటి నుంచి గుమ్మంలో జనం. బండి మేలుకోరి కాస్త బరువు వేద్దామని వచ్చామండి అనేవారే అందరూ. ఆయన కాదనలేడు కదా.

నెల తిరక్కుండా అన్నవరం మొక్కు రోజు వచ్చింది. పందెం ప్రకారం శ్రీనివాసరాజు తువ్వాలు భుజాన వేసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. పక్కన లక్ష్మీనరసమ్మ, రామలక్ష్మి ఇరుక్కున్నారు. కొండ చూడాలని సరదాపడి సంపూర్ణమ్మ వెనక బస్తా మీద తన పాత చోటు పట్టుకుంది. మిగిలిన చోటంతా ఊరు పట్టుకుంది.

పాపారాజు బస్సులో వెళ్ళాడు, నిలబడి.