కనిపించని పదకొండు పొరలు

ఆ రోజు ఉదయం ఇంజనీరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి తనిఖీ అధికారికి బిళ్ళ చూపించాలి, పన్నెండింటికి ఆయన చేత సంతకం పెట్టించుకోవాలి, ఒంటిగంటకల్లా ఇంటికెళ్లి మూడేళ్లుగా కరువైన నిద్ర పోవాలి.

బిళ్ళ అంటే అరచేతిలో పట్టేంత, బొటనవేలంత మందం. ఒక ముఖం ఉక్కు, రెండో ముఖం పింగాణీ. కొలిమి లోపలి మంటను పింగాణీ తట్టుకుంటుంది, బయటి బరువును ఉక్కు మోస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, వేడెక్కితే ఉక్కు ఒళ్లు పెంచినంతగా పింగాణీ పెంచదు. రెండింటినీ నేరుగా అతికించడం, పడని తోటికోడళ్లను పక్కపక్కన కూర్చోబెట్టడమే. పది నిమిషాల్లో ఎడమొహం పెడమొహం. అందుకని ఇంజనీరమ్మ మధ్యలో ఇద్దరికీ కావలసిన చుట్టాలను కూర్చోబెట్టింది. మొదటి పొర అచ్చంగా ఉక్కుపొడి, రెండోదాంట్లో పదోవంతు పింగాణీ, మూడోదాంట్లో ఇంకో వంతు ఎక్కువ. అలా పదకొండో పొరకి వచ్చేసరికి ఉక్కు ఊసే ఉండదు. కొలిమిలో కాలాక పొరకీ పొరకీ మధ్య హద్దు మాయమైపోవాలి. బూడిదరంగు ఎక్కడ తెలుపైందో ఎవరూ చెప్పలేకపోతే పని కుదిరినట్టు.

నలభై బిళ్ళలు పగిలాక మూడు కుదిరాయి. ఇవాళ సంతకం పడకపోతే ఈ బిళ్ళలు చేసే విభాగం మూతపడుతుంది. ఇంజనీరమ్మను స్నానాలగది పలకల విభాగానికి పంపుతారు. ముప్పై ఏళ్లుగా కొలిమి నడుపుతున్న, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దమనిషిని ఏకంగా ఇంటికే పంపుతారు. ఈ రెండో సంగతి తలుచుకుంటే ఆవిడకి వారం రోజులుగా అన్నం సహించడం లేదు.

తొమ్మిదింటికి ఆవిడ కాగితాలు అచ్చు తీయించడానికి కింది అంతస్తుకి వెళ్లింది. అప్పుడే, బిళ్ళల దగ్గర బాబాయ్ ఒక్కడే ఉండగా, డైరెక్టరుగారు లోపలికొచ్చారు. చాలా మంచి మనిషి. అంతకుముందు సబ్బుల కంపెనీ నడిపారు.

"ఏమయ్యా, పదకొండు పొరలన్నారు. ఏవీ?" అని అడిగారు బిళ్ళను అటూ ఇటూ తిప్పి.

"కనపడవండి. కనపడకుండా చెయ్యడానికే మూడేళ్లు పట్టింది," అన్నాడు బాబాయ్.

"మరి వచ్చినాయనకి ఏం చూపించమంటావ్? మూడేళ్లు చెమటోడ్చి ఏమీ కనపడకుండా చేశామని చెప్పనా? సన్నగా గీతలు గీసెయ్, ఏ పొర ఎక్కడుందో తెలుస్తుంది. అమ్మాయికి నేను చెప్తాలే."

ఆయన చెబుదామనే అనుకున్నారు. మెట్లు దిగుతుండగా ఫోనొచ్చింది, మర్చిపోయారు.

బాబాయ్ ఏ పనీ అరకొరగా చేసే రకం కాదు. బిళ్ళను లేతు యంత్రం మీద ఎక్కించి, నెమ్మదిగా తిప్పుతూ, వెంట్రుకవాసి మందాన నల్లసిరాతో చుట్టూ పది గీతలు గీశాడు. ఒకదానికి గీసి తక్కినవాటిని వదిలేస్తే బాగుండదని ఆ రెండింటికీ గీశాడు. తర్వాత చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. అది సబ్బుకి వదిలే సిరా కాకపోవడంతో ఆ కడుగుడు చాలాసేపు సాగింది.

సరిగ్గా పదింటికి, కొలిములు తయారుచేసే సంస్థ పంపిన తనిఖీ అధికారి వచ్చాడు. మాటలు ఆచితూచి ఖర్చు పెట్టే మనిషి. బిళ్ళను గాజుపెట్టెలో కెమెరా కింద పెట్టించాడు. నివేదిక రాయడం పూర్తయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదన్నది ఆయన నియమం. ఇంజనీరమ్మ కాగితాలతో పైకొచ్చేసరికి గోడ మీది తెర వెలిగింది.

తెర మీద పది నల్లటి చీలికలు. సిరా సన్నటి రంధ్రాల్లోకి ఇంకి, అంచులు చెదిరి, ఒక్కొక్కటీ ఎండిన చెరువులో పగులులా ఉంది. అన్నీ సరిగ్గా పొరల హద్దుల దగ్గరే. ఇంజనీరమ్మ చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"బ్రహ్మాండం!" అన్నారు డైరెక్టరుగారు. "ఎంత స్పష్టంగా కనపడుతున్నాయో చూశారా?"

"కనపడుతున్నాయండి. పది," అన్నాడు అధికారి, ఆయన వంక వింతగా చూస్తూ.

"పదీ ఉన్నాయి కదా! మావాళ్లు ఒక్కటి కూడా వదల్లేదు."

"ఇవి ఉండటం మీకు... సంతోషమేనా?"

"సంతోషమేమిటండీ, నేనే చెప్పి చేయించాను!"

అధికారి కలం ఆగిపోయింది. తన సరుకు తనే పగలగొట్టించి పొంగిపోయే డైరెక్టరును ఆయన సర్వీసులో చూడలేదు. ఇంజనీరమ్మకి మాత్రం ఈ మాటలేవీ చెవికెక్కలేదు. "సార్, ఇంకో రెండున్నాయి. అవి కూడా ఒక్కసారి చూడండి," అని బతిమాలింది. అవీ తెర మీదికొచ్చాయి. వాటికీ పదేసి, అవే చోట్ల.

ఒక్కటి పగిలితే కర్మ అని సరిపెట్టుకోవచ్చు. మూడూ ఒకే తీరున పగిలితే కారణం ఉండి తీరాలి. నిజాయితీ అనే జబ్బు ఉన్న ఇంజనీరమ్మ నేరుగా బోర్డు దగ్గరికి వెళ్లి ఇరవై నిమిషాలు రాసింది. చల్లార్చడంలో తను పెట్టిన వేగం ఎక్కువైందనీ, అందుకే ప్రతి హద్దు దగ్గరా లాగుడు పెరిగిందనీ, ఈ బిళ్ళ పగలక తప్పదనీ తిరుగులేకుండా రుజువు చేసి కింద రెండు గీతలు కొట్టింది.

"ఇంత చక్కటి రుజువు నేను చూడలేదమ్మా," అన్నాడు అధికారి మనస్ఫూర్తిగా. నివేదికలో "తిరస్కరించడమైనది" అని రాశాడు.

బోర్డు నిండా ఉన్న గుర్తుల్లో ఒక్కటీ అర్థంకాని డైరెక్టరుగారు, ఆవిడ కళ్లలో నీళ్లు చూసి ఆనందబాష్పాలనుకుని చేతిరుమాలు అందించారు.

అప్పుడొచ్చాడు బాబాయ్, తడిచేతులతో. తెర వంక చూసి సిగ్గుపడ్డాడు.

"అమ్మా, ఏడో గీత దగ్గర చెయ్యి కాస్త వణికింది. ఏమనుకోకండి."

ఇంజనీరమ్మ కళ్ల మీంచి చేతిరుమాలు దించింది.

"ఏ గీత, బాబాయ్?"

"సిరా గీతలేనమ్మా. సారు మీకు చెప్తానన్నారుగా?"

అందరూ డైరెక్టరుగారి వైపు తిరిగారు. ఆయన పైకప్పు వైపు తిరిగారు. "ఫోనొచ్చిందమ్మా," అన్నారు.

నివేదిక ఎలాగూ రాసేశాడు కాబట్టి, ఇక ముట్టుకోవచ్చు. అధికారే స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాడు. దూది నల్లబడింది. తెర మీద బూడిదరంగు మెల్లమెల్లగా తెలుపైపోయింది, ఎక్కడైందో ఎవరికీ తెలియలేదు. అయినా ఆయన వదల్లేదు. బిళ్ళను ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు. అలా అయిదుసార్లు. బిళ్ళ చుయ్‌మందే గానీ చెక్కుచెదరలేదు.

ఇంజనీరమ్మకి ప్రాణం లేచొచ్చింది. పక్కనే కుర్చీ ఉన్నా నేల మీదే కూలబడి, నవ్వూ ఏడుపూ కలిసి వస్తుంటే రెండింటినీ ఆపుకోలేదు. బాబాయ్‌ని ఇంటికి పంపరు. ఆ ఒక్క మాటే ఆవిడ బుర్రలో గిరగిరా తిరిగింది.

"మరి ఆ రుజువు?" అని అడిగాడు అధికారి బోర్డు చూపిస్తూ.

"తప్పండీ! శుద్ధ తప్పు!" అంది ఆవిడ, మెడల్ వచ్చినంత సంబరంగా.

అధికారి పాత నివేదిక చింపి, కొత్తది రాసి, సంతకం పెట్టాడు. కలం మూతపెట్టి, గొంతు తగ్గించి, బాబాయ్‌ని పక్కకి పిలిచాడు.

"మంగళవారం మా పెద్దాయన ఈ బిళ్ళ చూడ్డానికి వస్తారండీ. పొరలేవీ అని అడిగితే... నేనేం చూపించను?"

సాయంత్రం అందిన ఆర్డరులో మొదటి షరతు, బిళ్ళ మీద ఎక్కడా గీత కనిపించరాదని. రెండోది, మంగళవారం ఒక్కరోజు కనిపించాలని.