రాజవ్వ మూతబంధన విజయము

ఓ కొలతఘాతకులారా! గంగారామా, ముత్తయ్యా, దుర్గయ్యా! పాపం చేసినవి మీ మూడు చేతులు, తిట్లు తిన్నది నాలుగో చెయ్యి! సిగ్గుండాలె.

రక్తాక్షినామ సంవత్సర జ్యేష్ఠమాసమున, ప్రచండమార్తాండకిరణసంతప్తమై, ఫోరస్ రోడ్డు లారీధూళిధూసరితమై వెలుగు కామాటిపురా గల్లీలోని రేకుపెట్టెల కార్ఖానాయందు, కీలుబిగింపుకళాధురంధర, సుత్తిహస్త, చాల్ అను వరుసగదుల ఇంటి నల్లాకాడ ఎవతెకూ వెనుదీయని రాజవ్వ, తన ముందు నోరు తెరుచుకొని పడియున్న పెట్టెను చూసి పళ్లు కొరికెను. మూతలు పక్కగదిలో అచ్చుమీద తయారగును, వాటి కొలత తప్పదు. పెట్టె మాత్రము గంగారాం కోయగా, ముత్తయ్య వంచగా, దుర్గయ్య అడుగు బిగించగా ఆమెను చేరును. మూడు దినములుగా ఏ మూతా పట్టుటలేదు.

అప్పుడు శంకర్రావు సేటు మేఘగంభీరస్వరమున గర్జించెను: "ఆఖరి చెయ్యి నీది రాజవ్వా! పొద్దుగూకేలోపల ఒక్క మూతన్న పట్టకుంటే రేపటిసంది పనికి రాకు."

"పద్దెనిమిదేండ్లసంది సుత్తి పట్టిన సేటూ! నా కీలు తప్పలే. నా కాడికొచ్చిన పెట్టే తప్పింది!"

ఇట్లు పలికి, సుద్దముక్కయే ఆయుధముగా, ఆ వీరాంగన గంగారాం కత్తెరదుర్గమును ముట్టడించెను.

"అన్నా, గీత మీదనే కోసినవా?"

"ఒక్క సూతు ఎక్కువ వదిలిన. ఎందుకైనా మంచిదని."

సూతనగా అంగుళములో ఎనిమిదోవంతు. అంతే.

ముత్తయ్య అనెను: "గంగారాం తక్కువ కోసిండేమోనని వంపు ఒక సూతు అవతలికి జరిపిన. ఎందుకైనా మంచిదని."

దుర్గయ్య అనెను: "అడుగు ఒక సూతు వెడల్పు పెట్టి గోడలను బయటికి నెట్టిన. మా నాయిన గోడలు కట్టెటోడు రాజవ్వా. తక్కువైతే కష్టం, ఎక్కువైతే చెక్కుకోవచ్చు."

"రేకును చెక్కుతవారా? ఇదేమన్న ఇటుకనా?"

అంతట ఆమె నేలమీద సుద్దతో మూడు గీతలు గీసి, కోత దగ్గర ఒకటి, వంపు దగ్గర రెండు, అడుగు దగ్గర మూడు అని లెక్కగట్టి, ఇంకను కత్తెర చూడని రేకును వేలితో చూపి ఘోషించెను: "ఇది నా కాడికొచ్చేసరికి మూడు సూతులు పెరుగుతది!"

"పుట్టని పిల్లకు జాతకం చెప్తున్నవా?" అని సేటు నవ్వెను. పెట్టె పుట్టినాక కొలిచెను. మూడు. నవ్వు ఆగెను.

అటుపిమ్మట మరో రేకు. రాజవ్వ మువ్వుర భుజముల వెనుకనూ నిలిచెను. గీత వద్ద గంగారాం మణికట్టు అవతలికి లాగెను. "గీత మీద!" అని ఆమె హుంకరించెను. ముత్తయ్య గీత మీదనే వంచెను. దుర్గయ్య మూడుమార్లు కొలిచి, నాలుగోమారు తండ్రిని తలచుకొని, గట్టిగా కళ్లుమూసుకొని ఉన్నంతే బిగించెను.

పెట్టె వచ్చెను. రాజవ్వ మూత దించెను.

టప్.

సప్తసముద్రపరివేష్టిత భూమండలమున, పొద్దు ఇంకను గూకకముందే, ఒక్క రేకుపెట్టె మూసుకొనెను!

ఇగ ఈ కథ చెప్పినోళ్ల మాట విను సేటూ. ప్రతి చేతికాడ పెట్టెను కొలిచి చూడు. ఆఖరి చేతిని తిట్టుడు బంద్ చెయ్యి. రేపు కాదు, ఎల్లుండి కాదు. గంగారాం ఇంకో రేకు ఎత్తకముందే!