ఎమ్మెల్యే గారు వదిలేసిన కేలరీలు

"నా నియోజకవర్గంలో ఒక్క ఆడపిల్ల ఆకలితో ఉన్నా నేను కడుపునిండా తినను" అని మా ఎమ్మెల్యే శ్రీరామ్మూర్తి గారు బీచ్ రోడ్డులో ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. అప్పటికి ఆయన బరువు నూట పద్నాలుగు కిలోలు. కేలరీలు లెక్కపెట్టుకుని తిని, పుట్టినరోజు నాటికి ఎనభైకి దిగుతారట. రోజూ తాను తినకుండా వదిలేసే రెండు వేల కేలరీలను బాలికల హాస్టల్‌కు విరాళంగా ఇచ్చేస్తారట.

ఆ హాస్టల్ మాదే. టీవీ ముందు కూర్చున్న మేమందరం చప్పట్లు కొట్టాం.

ఆశ మాత్రం కొట్టలేదు. వాళ్లది సముద్రంలో వేటకెళ్లే కుటుంబం. చూడకుండా చేపనైనా కొనదు.

"ఓలే, కేలరీలంటే ఏటే? ఉడకబెట్టి ఇత్తారా, ఏపుడు సేసి ఇత్తారా?" అని నా చెవిలో అడిగింది.

అవి కంటికి కనపడవని సైన్సు పుస్తకంలో ఉన్న మాటే చెప్పాను.

"అయితే తప్పకుండా ఇత్తార్లే" అంది.

ఇచ్చారు కూడా. ఆయన పీఏ సాయిశంకర్ గారు వచ్చి, రోజుకు రెండు వేల కేలరీలు ఇస్తున్నట్టు భోజనాల హాల్లో ఫ్లెక్సీ కట్టించారు. దాన్ని చూసి మా వార్డెన్ రోజారమణి మేడమ్ కంగారుపడ్డారు. ప్రభుత్వం పెట్టే తిండికి ఇన్ని కేలరీలు తోడైతే పిల్లలకు ఊబకాయం వస్తుందని, రేపు జవాబు చెప్పాల్సింది తనేనని అన్నారు. ముందుజాగ్రత్తగా మధ్యాహ్నం గుడ్డు ఆపేశారు.

ఆనందపురం దగ్గర మా ఊళ్లో మాకు కోళ్లున్నాయి. వాటి గుడ్లు ఇంట్లో ఉండవు, అమ్మకానికి పోతాయి. నేను రోజూ గుడ్డు తినడం ఈ హాస్టల్‌కు వచ్చాకే మొదలైంది. ఇప్పుడు ఫ్లెక్సీ వైపు చూస్తూ చారన్నం తినడం అలవాటు చేసుకున్నాం.

అక్కడ ఎమ్మెల్యే గారి దీక్ష కఠినంగా సాగింది. ఇంట్లో కీరా ముక్కలు తప్ప ముట్టేవారు కాదు. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో తిన్నది ప్రజాసేవ కిందకు వస్తుంది కాబట్టి సాయిశంకర్ గారు దాన్ని లెక్కలో వేసేవారు కాదు. కార్యకర్త ప్లేటులోంచి తీసుకున్నది కార్యకర్త ఖాతాలోకే పోయేది. ఆ నెలల్లో సార్ ఎలమంచిలి దాకా వెళ్లి ప్రజాసేవ చేసి వచ్చారు.

పుట్టినరోజున మా హాస్టల్ ఆవరణలోనే తులాభారం పెట్టారు. బెల్లంతో కాదు, కోడిగుడ్లతో. తూగినన్ని గుడ్లూ మాకే అని మైకులో చెప్పారు. ఎనభై కిలోల గుడ్లు ట్రేలలో వచ్చి తక్కెడ పళ్లెంలోకి ఎక్కాయి.

"ఇయి కనిపిత్తన్నాయే" అంది ఆశ. చప్పట్లు కొట్టింది కూడా.

సార్ రెండో పళ్లెంలో కూర్చున్నారు. అది నేలను వదల్లేదు. గుడ్లు గాల్లోనే ఉండిపోయాయి.

సాయిశంకర్ గారు వెంటనే విలేకరులను టిఫిన్లకు పంపించి, చుట్టూ తెర కట్టించారు.

"ఏట్రా శంకరూ, లెగట్నేదు?"

"గాలి సార్. సముద్రం వైపు నుంచి వస్తోంది."

"గుడ్లు మరిన్ని ఎట్టు."

"ఇంక లేవు సార్." ఆయన ఒక్క క్షణం ఆలోచించి, మా మేడమ్ వైపు తిరిగారు. "ఎక్కువ మాట్లాడని పిల్ల ఎవరైనా ఉందా మేడమ్?"

మేడమ్ క్షణం కూడా ఆలోచించకుండా నన్ను చూపించారు. ఆమె నన్ను నలుగురిలో మెచ్చుకోవడం అదే మొదటిసారి.

నన్ను ట్రేల మధ్య కూర్చోబెట్టారు. ఒక్క గుడ్డు కూడా పగలకూడదని సాయిశంకర్ గారు రెండుసార్లు చెప్పారు. ఆ నెల హెల్త్ చెకప్‌లో నా బరువు ముప్ఫై నాలుగు కిలోలు. నా పళ్లెం మెల్లగా కిందకు దిగింది. సార్ మెల్లగా పైకి లేచారు. ఇద్దరం ఎదురెదురుగా వచ్చాక ముల్లు నడిమధ్యన కదలకుండా ఆగింది.

"ఏటమ్మా, సరిగ్గా తింతన్నావా?" అని సార్ ఆప్యాయంగా అడిగారు.

తల ఊపాను. అంతలో ఆయనకు కప్పిన శాలువాలన్నీ తెచ్చి నా మీద కప్పేశారు. తెర తీశారు. కెమెరాల చప్పుడు, జేజేలు వినిపించాయి. ఇది కేలరీల విజయమని సార్ ప్రసంగించారు. నేను కూడా చప్పట్లు కొట్టేదాన్నే, కదలొద్దన్నారు.

సభ అయిపోయి కార్లు వెళ్లాక గుడ్ల హోల్‌సేల్ షాపు వ్యాను వచ్చింది. సాయిశంకర్ గారు దగ్గరుండి ట్రేలన్నీ ఎక్కించారు.

"కనిపించినయి కూడా ఎలిపోనాయే" అంది ఆశ.

మర్నాడు పేపర్లో పెద్ద ఫోటో వేశారు. ఎమ్మెల్యే గారు ముప్ఫై నాలుగు కిలోలు తగ్గారనీ, తూకానికి వాడింది హాస్టల్‌కే ఇచ్చేశారనీ రాశారు.

అది పూర్తిగా అబద్ధమని చెప్పలేను. శాలువాలు తీసేసుకున్నాక నన్ను హాస్టల్‌కే ఇచ్చేశారు.