పడనివ్వని ఇల్లు

మొక్పో నగరంలో, రేవు వైపు దిగే కొండవాలు మీద ఉన్న ‘శతవసంత’ వృద్ధాశ్రమంలో ఈ సంవత్సరం కూడా ఎవ్వరూ కింద పడలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. స్నానాల గదిలో జారినవారు లేరు, మెట్ల మీద తూలినవారు లేరు, మంచం దిగబోయి బోర్లాపడినవారు అసలే లేరు. ఇందుకుగాను ఆశ్రమానికి వరసగా బంగారు రంగు ఫలకాలు వస్తున్నాయి. వాటిని వచ్చేవాళ్ల కళ్లకు ఎదురుగా గుమ్మంలోనే బిగించారు.

ఈ ఘనత యావత్తూ డైరెక్టర్ నామ్‌గుంగ్ గారిది. మిగతా ఆశ్రమాల వాళ్లు గోడలకు కడ్డీలు బిగించి, అదనంగా మనుషుల్ని పెట్టుకుని, డబ్బు తగలేసుకుంటున్నారు. నామ్‌గుంగ్ గారు సమస్యను మూలం నుంచి ఆలోచించారు. పడాలంటే మనిషి ముందు నిలబడాలి. నిలబడకపోతే పడే ప్రసక్తే లేదు. ఆనాటి నుంచి శతవసంతలో నిలబడడం రద్దయింది. మంచంలో ఉన్నవారికి మంచం బెల్టు, చక్రాల కుర్చీలో ఉన్నవారికి కుర్చీ బెల్టు. మరుగుదొడ్డి దాకా వెళ్లే శ్రమ లేకుండా అందరికీ డైపర్లు. అంతస్తు మొత్తాన్నీ ఒంటిచేత్తో చూసుకునే సంరక్షకురాలు ఓక్హీకి కూడా దీనివల్ల కాస్త ఊపిరాడుతోంది. కాగితాల మీద ఆమెకు తోడుగా మరో నలుగురున్నారు గానీ, వాళ్లు ఎప్పుడూ ఆ కాగితాలు దిగి రాలేదు.

ఇంత చక్కటి ఏర్పాటు కూ మల్సున్ అవ్వకు మాత్రం నచ్చలేదు. కొందరి స్వభావమే అంత. రేవు బజారులో జీవితమంతా పొయ్యి ముందు నిలబడి, పిండి పిసికి, కత్తితో నూడుల్స్ కోసి అమ్మిన మనిషి ఆవిడ. కిందటి చలికాలం మణికట్టు విరిగితే, అది అతికేదాకా ఉండమని కూతురు హేరిమ్ ఇక్కడ చేర్చింది. మణికట్టు వసంతానికే అతికింది. కానీ విరిగిన చెయ్యితో వచ్చినావిడ అతికిన చెయ్యితో ఇంటికి వెళ్లవచ్చన్న సంగతి అప్పటికి అందరూ మరిచిపోయారు.

చేర్చిన రోజే అవ్వకు అనుమానం వచ్చింది. అక్కడ ఎవరింటికి వెళ్లినా చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వెళ్లాలి. తిరిగి వెళ్లేటప్పుడు తొడుక్కోవాలి. ఇక్కడ మాత్రం ఆవిడ విడిచిన చెప్పుల్ని ఓ సంచిలో పెట్టి కూతురి చేతికిచ్చారు.

“అదేమిటే, అవి పట్టుకుపోతున్నావు?” అంది అవ్వ.

“ఇక్కడ వాటితో పనుండదటమ్మా. గుమ్మంలో చోటు దండగట” అంది హేరిమ్, గోడ మీది ఫలకాల్ని మెచ్చుకోలుగా చూస్తూ.

పక్క మంచం జొమ్రే కూడా ఒకప్పుడు నడిచే వచ్చింది. వచ్చిన కొత్తలో రేడియోలో పాట వస్తే చిందులేసేదట. ఇప్పుడు ఆమె కాళ్లు ఎండిన వెల్లుల్లి కాడల్లా ఉన్నాయి. మల్సున్ అవ్వ వాటిని చూసినప్పుడల్లా దుప్పటి కింద తన కాళ్లు తడుముకునేది. భయపడేది. ఆవిడకు చావంటే అంత భయం లేదు. కాళ్లు ముందు చచ్చిపోయి తాను మిగలడమంటేనే భయం. అందుకని ఓక్హీ పక్క గదికి వెళ్లినప్పుడల్లా బెల్టు విప్పుకుని, మంచం పట్టుకుని కిటికీ దాకా నడిచొచ్చేది. దొరికిపోయినప్పుడు బెల్టు ఇంకో రంధ్రం బిగిసేది.

“అమ్మా, నన్ను చంపకు తల్లీ! నువ్వు పడితే నా ఉద్యోగం పోతుంది” అనేది ఓక్హీ.

“నేను నడవకపోతే నా కాళ్లు పోతాయి కదే పిచ్చిమొహమా” అనేది అవ్వ.

ఇద్దరూ చెప్పింది నిజమే కాబట్టి తగువు తెగేది కాదు.

ఇలా ఉండగా తనిఖీ వచ్చింది. చెప్పకుండా ఊడిపడడం మర్యాద కాదు గనక, తనిఖీవారు చాలా ముందుగానే కబురు పెట్టారు. అతిథుల కోసం ఇల్లు సర్దుకోవడం ఎవరైనా చేసే పనే. కొండ అవతల నామ్‌గుంగ్ గారి బావమరిది నడిపే ఆశ్రమం నుంచి సంరక్షకులు అరువు వచ్చారు. అక్కడ తనిఖీ అయితే ఇక్కడివాళ్లు వెళతారు. ఆ విధంగా ఆ జిల్లాలో ముసలివాళ్లని చూసుకోవడంలో కాకపోయినా, తనిఖీలు చూసుకోవడంలో ఆరితేరినవాళ్లు తయారయ్యారు. మధ్యాహ్నానికి నత్తగుల్లల జావ సిద్ధమైంది. బెల్టులన్నీ పోగుచేసి, కిమ్చీ అనే క్యాబేజీ ఊరగాయ పెట్టే ఫ్రిజ్‌లో దాచారు. ఆ మూత ఎత్తితే వచ్చే ఘాటుకు ఏ అధికారీ లోపలికి తొంగిచూడడు. అగ్నిప్రమాద నిబంధనల ప్రకారం తలుపుకు తాళం ఉండరాదు గనక, ఆ ఒక్కరోజుకీ తాళం తీసేశారు.

తనిఖీ అధికారి శిమ్ గారు గుమ్మంలో నల్లటి తోలు బూట్లు విడిచి, ఆశ్రమం వారిచ్చిన కుందేలు చెవుల చెప్పులు తొడుక్కుని లోపలికి వేంచేశారు. నామ్‌గుంగ్ గారు స్వాగతోపన్యాసం చేశారు.

“వృద్ధులే మన చరిత్ర! చరిత్రను మనం కింద పడనివ్వరాదు! నా కంఠంలో ప్రాణముండగా ఇక్కడ ఏ తల్లి పాదమూ నేల మీద జారదు!”

అరువు సంరక్షకులు సమయానికి చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక మల్సున్ అవ్వ గొంతు వినిపించింది.

“బాబూ, నాకు నడక వచ్చు. నన్ను నడవనిమ్మని వీళ్లకి కాస్త చెప్పి పో.”

శిమ్ గారు చాలా మర్యాదస్తులు. వంగి, అవ్వ చెయ్యి పట్టుకుని, “అమ్మగారూ, ఎంతమంది పడ్డారో రాసుకోవడానికి మా ఫారంలో గడి ఉంది. ఎంతమంది నడుస్తున్నారో రాసుకోవడానికి లేదు. లేని గడిలో నేనేం రాయను చెప్పండి?” అన్నారు.

అందరూ జావ గిన్నెలతో ఫొటో దిగుతుండగా అవ్వ లేచింది. ఆవేళ కట్టేసే బెల్టు లేదు. అడ్డుపడవలసిన ఓక్హీ ఫొటోలో నవ్వుతోంది. గుమ్మంలో చూస్తే తన చెప్పులు ఎలాగూ లేవు. శిమ్ గారి బూట్లున్నాయి. అవ్వ వాటిలో కాళ్లు దూర్చి, తలుపు తోసుకుని, కొండ దిగింది.

ఫొటో అయ్యాక లెక్క చూస్తే ఒక అవ్వా, ఒక జత బూట్లూ తక్కువయ్యాయి. అవ్వ మాట ఎలా ఉన్నా, బూట్లు లేకుండా ప్రభుత్వం వెనక్కి పోలేదు. దాంతో ఆశ్రమం యావత్తూ వెతుకులాటకు బయల్దేరింది. కుందేలు చెవులు ఊపుకుంటూ శిమ్ గారు ముందు, పరుగెడుతూ మాటలు వెతుక్కుంటున్న నామ్‌గుంగ్ గారు వెనక.

బస్సు స్టాపు పక్క నూడుల్స్ కొట్లో దొరికింది అవ్వ. కూర్చుని కాదు. పొయ్యి ముందు నిలబడి, “ఇదేం పిండయ్యా, మరీ జావగా కలిపావు! ఇంకాసేపు పిసుకు” అని కొట్టువాణ్ణి దులిపేస్తోంది. శిమ్ గారి పాదాలు చూసి తింటున్నవాళ్లకు పొలమారింది.

“చూశావా బాబూ, కొండ దిగి వచ్చాను. పడ్డానా?” అంది అవ్వ. ఆమె ముఖం వెలిగిపోతోంది.

“లేదమ్మగారూ.”

“మరి రాసుకో!”

శిమ్ గారు రాసుకున్నారు: పడలేదు. అప్పటికి ఊపిరి కూడదీసుకున్న నామ్‌గుంగ్ గారు, “ఇది మా ఆరుబయలు నడక చికిత్సండీ! ఈ రోజే మొదలుపెట్టాం” అని విన్నవించారు. అది కొత్త కార్యక్రమం కిందికి వస్తుంది గనక అదనంగా మార్కులు పడ్డాయి.

అవ్వను కారెక్కించి తీసుకొచ్చి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. తనిఖీ ముగిసినట్టు సంతకాలయ్యాయి. అంటే, శిమ్ గారు ఇక అధికారి కాదు, మామూలు పౌరుడు. కాబట్టి ఓక్హీ కిమ్చీ ఫ్రిజ్ తెరిచి, చల్లటి బెల్టు తెచ్చి అవ్వ నడుముకు బిగిస్తుంటే ఆయన చూడవలసిన అవసరం రాలేదు. ఫోనులో హేరిమ్ ఏడ్చినంత పనిచేసింది. “మా అమ్మ వల్ల మీకెంత ఇబ్బంది! ఇక తిరగనివ్వకండి, మీకు పుణ్యముంటుంది” అంది. అవ్వ అంతా విని, తన కాళ్లకేసి చూసుకుంటూ కూర్చుంది.

శిమ్ గారు గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ నామ్‌గుంగ్ గారిని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించారు.

“ఇక్కడ మంచమేదైనా ఖాళీ ఉందాండీ? మా అమ్మ సంగతి... మనిషి దుక్కలా ఉంది. ఒక్కచోట కూర్చోదు, ఊరంతా తిరుగుతుంది. మాకు ఉద్యోగాలాయె.”

“మీరడగాలా? తీసుకురండి. మా దగ్గర నెలలో కుదురుకుంటారు” అన్నారు నామ్‌గుంగ్ గారు.

కుర్చీలోంచి మల్సున్ అవ్వ పిలిచింది. “బాబూ, నీకు పిల్లలున్నారా?”

“ఒక్కడే కొడుకమ్మగారూ.”

“మీ అమ్మని దింపడానికి వచ్చేటప్పుడు వాణ్ణి కూడా వెంటబెట్టుకురా. రేపు నిన్ను తీసుకురావాలంటే వాడికి దారి తెలియద్దూ?”

నామ్‌గుంగ్ గారు వెంటనే, “పాపం, ఈ మధ్య మతి సరిగ్గా ఉండడం లేదండీ” అని, రాత్రి మాత్రల్లో ఇంకోటి కలపమని ఓక్హీకి పురమాయించారు. శిమ్ గారు సానుభూతితో తల ఊపి, వాళ్లమ్మకు కిటికీ పక్క మంచం ఖాయం చేసుకుని వెళ్లారు.