పిత్తం తీర్మానం

"ఏటి నీళ్ళకు పోదామే చెల్లీ, ఎగువనున్నది ఎవరే చెల్లీ..." ఆపైన చరణం గుర్తుకు రావడం లేదు. నీళ్ళకు పోతూ పాడుకునేవాళ్ళం. సరే, కథలోకి వద్దాం.

ఒక పెద్ద అడవిలో ఒక్కటే వాగు. వాగు మొదట్లో ఒక మడుగు. అడవి పంచాయతీ ఆ మడుగులోనే జరిగేది. ప్రెసిడెంటు కోరయ్య అనే అడవిపంది. మెంబర్లూ పందులు, దున్నలే. పీకలదాకా బురదలో పడుకుంటే తప్ప వాళ్ళకు ఆలోచన రాదు. సభ పొద్దుగూకేదాకా సాగేది కాబట్టి స్నానాలూ, చెప్పుకోకూడని మిగతా పనులూ అక్కడే. ఆ నీళ్ళే కిందికి పారితే మిగతా జంతువులు తాగేవి.

ఒక వానాకాలం కింది జంతువులకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున గెంతిన కుందేలు సాయంత్రానికి ఎండుటాకైపోయేది. చుక్కమ్మ అనే దుప్పికి ఒక్కతే కూన. అదీ పడిపోయింది, కళ్ళు లోతుకు పోయాయి. చుక్కమ్మ మడుగు గట్టుకు పరుగెత్తి, కాస్త బయట కూర్చుని మాట్లాడుకోండయ్యా, నీళ్ళు తేరుకుంటాయేమో అని బతిమాలింది.

బయట కూర్చోవడం అనేసరికి మెంబర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోరయ్య వెంటనే చిలక పంతుల్ని పిలిపించాడు. ఆయన పట్నంలో ఒక డాక్టరుగారింటి పంజరంలో చదువుకున్నవాడు.

"దీన్ని కలరా అంటారు. పరదేశపు పాతమాట. పిత్తమనే మాటలోంచి పుట్టిందని డాక్టరుగారు చెప్పేవారు. అయితే రోగం మాత్రం..."

"అర్థం చాలు పంతులూ," అన్నాడు కోరయ్య. మొహం వెలిగిపోతోంది. "పిత్తం ఎవరి ఒంట్లోది వాళ్ళదే కదా. మధ్యలో మడుగేం చేసింది?"

"పేరులో ఏముంటే నాకేం మామా," అంది చుక్కమ్మ. "నా బిడ్డ తాగింది నీళ్ళు."

ఆ మాట ఎవరూ రాసుకోలేదు. చెడ్డ పిత్తం ఉన్నవాళ్ళను కొండ అవతలికి తరిమేయాలని తీర్మానం పెట్టారు. సరేనన్నవాళ్ళంతా కాళ్ళెత్తారు. మడుగు ఇంకాస్త కలకబారింది.

చుక్కమ్మ కూనను మూతితో నెట్టుకుంటూ కొండ దాటింది. జబ్బుపడ్డవాళ్ళలో ఇద్దరు ముగ్గురు దారిలోనే పోయారు. అవతల బండసందులో సన్నటి ఊట. వేరే దిక్కులేక గుక్క గుక్కగా అదే తాగించింది. కొన్నాళ్ళకు కూన చెవులు నిక్కించింది. ఇంకొన్నాళ్ళకు లేచి తల్లి వెనక నడిచింది. ఊట ఉందని తెలిసి చుక్కమ్మ రాలేదు. తరిమారు, వచ్చింది, అంతే.

ఇవతల మంచి పిత్తం వాళ్ళు మాత్రం రోజూ పడిపోతూనే ఉన్నారు. పడ్డవాళ్ళను పడ్డట్టే తరుముతున్నారు. చివరికి ఒకనాడు నిండు సభలో కోరయ్యకే కడుపు తిప్పింది. పక్కనున్న దున్న చాలా మర్యాదగా తీర్మానం గుర్తుచేసింది. ప్రెసిడెంటు కుర్చీ మీద దానికి ఎప్పట్నుంచో కన్ను.

"పేరుకు ఇంకో అర్థం చెప్పు పంతులూ," అని మూలిగాడు కోరయ్య.

"పేరుకు లేదండీ. ఆవేళ మీరు ఆపేసిన మాటొకటి ఉంది. రోగం నీళ్ళలోంచే వస్తుందని."

"అది సభలో అనకు," అన్నాడు కోరయ్య.

సాయంత్రానికి ఆయన్నీ కొండ దాటించారు. దేక్కుంటూ ఊట దగ్గరికి వచ్చేసరికి అక్కడి జంతువులన్నీ అడ్డంగా నిలబడ్డాయి. చుక్కమ్మ తన కూన వంక చూసింది, ఆయన లోతుకుపోయిన కళ్ళ వంక చూసింది. పక్కకు జరిగి దారిచ్చింది.

"తాగు మామా," అంది. "దిగకు."

నీతి: రోగం వస్తే ముందు దాని పేరుకు అర్థం వెతకాలి, నీళ్ళలో వెతికితే పెద్దవాళ్ళు లేచి నిలబడాల్సొస్తుంది.