ఉల్లంకి రెక్క కింద రంగు

హిల్లా పళ్ళు దొరికే చోటు, ఉత్తరాన మంచుదేశంలోని మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పరు. ఇంటి తాళమిస్తారు, పడవిస్తారు, చిత్తడిలో పండే ఆ పసుప్పచ్చ పళ్ళ చోటు మాత్రం కట్టుకున్నవాడికి కూడా చెప్పరు. సైమి కూడా అంతే. తల్లి చూపించిన చోటును నలభై నాలుగేళ్ళుగా మొగుడు తౌనోకి చెప్పలేదు.

ఇన్నాళ్ళూ అతనికీ ఆ దిగులు లేదు. పళ్ళు తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు. పోయిన శీతాకాలం సైమి మోకాలు పట్టేసింది. అయినా జూన్ రాగానే పూత చూసొస్తానని ఒంటరిగా వెళ్ళింది. అక్కడెక్కడో పడిపోతే తను ఏ దిక్కుకు పరిగెత్తాలి? ఆ మాట పైకి అంటే నవ్వుతుందని తౌనో తెలివి ఉపయోగించాడు. ఉన్నంతలో.

ఆవిడ తిరిగొచ్చి కాఫీ పోస్తుంటే, పేపరు చాటునుంచి మెల్లగా మాట కదిపాడు. అక్కడ పొడుగు ముక్కు ఉల్లంకి పిట్టలేమైనా నెత్తిమీద తిరిగి గోలచేశాయా అని. చేసిందొకటి, అంది సైమి.

"ఎగిరినప్పుడు రెక్క కింద తెలుపా, నలుపా?"

సైమి కాఫీ పోయడం ఆపి అతన్నొకసారి చూసింది. "బొగ్గులా నలుపు."

తౌనో కప్పులోకి నవ్వుకున్నాడు. ఆ రెండు పిట్టలూ అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి గానీ కాపురాలు వేరు. రెక్క కింద తెల్లగా ఉండే చిత్తడి ఉల్లంకి చెట్లులేని బయలు చిత్తడిలో నేలమీదే గుడ్లు పెడుతుంది. నల్లగా ఉండే అడవి ఉల్లంకి, చెట్టుమీద వేరే పిట్ట వదిలేసిన పాత గూట్లో దర్జాగా దిగిపోతుంది. అంటే సైమి చోటు బయల్లో కాదు, వాగవతల సూదాకుల స్ప్రూస్ చెట్ల మధ్య బురదమడుగులో.

మర్నాడు చేపలకని చెప్పి, గాలం ఇంట్లోనే వదిలేసి వెళ్ళాడు. మడుగులో ఒక్క పువ్వు లేదు. దోమలున్నాయి. ఎడమ బూటు బురదలో దిగబడింది. లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. కుడికాలైతే అదీ రాలేదు. చెట్టుమీది ఉల్లంకి అతన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

గంటకి సైమి వచ్చింది. చేతిలో పొడి మేజోళ్ళు, ఇంకో జత బూట్లు.

"నేనిక్కడున్నానని ఎలా తెలిసింది?" అన్నాడు తౌనో.

"పంపింది నేనేగా. నన్ను తిట్టిన పిట్టకి రెక్క కింద తెలుపే. నువ్వెలాగూ వెతకబోతావు. ఎటు పోతావో నాకు తెలియొద్దూ? ఈ వయసులో పడితే నిన్నెక్కడని వెతకను?"

తౌనో బురదలోంచే తలెత్తాడు. "నాకూ అదే భయం సైమీ. పళ్ళకోసం కాదు."

సైమి అతన్ని బయటికి లాగి, దుంగమీద కూర్చోబెట్టి, మేజోళ్ళు ఒళ్ళో పడేసింది. తొడుక్కోగానే వెంట రమ్మంది.

పొదలు చుట్టి, నీళ్ళు దాటి, వచ్చిన దారినే మళ్ళీ రెండుసార్లు తిప్పి తీసుకెళ్ళింది. చివరికి రెండు గదులంత మేర తెల్లటి హిల్లా పూలు. తౌనో టోపీ తీసి నిలబడిపోయాడు.

"తెలిసిందా చోటు?"

అతను నాలుగు దిక్కులూ చూశాడు. ఇల్లెటుందో కూడా తెలియలేదు. ఆ మాటే ఒప్పుకున్నాడు.

"అయితే ఇక నేనెప్పుడొచ్చినా నువ్వూ రావలసిందే," అని, నొప్పి మోకాలి బరువంతా అతని భుజంమీద వేసింది సైమి.